బొల్లారం తాత ఏం తినేవాడు

డైటీషియన్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. చార్టు ఎలా రాయాలో మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఆస్పత్రిలో ఇరవై ఏడేళ్ళు చార్టులు రాశాను. వాటిలో ఒకటి మొదటి గడి నుంచి చివరి గడి దాకా అబద్ధమని తెలిసిన రోజున నా చేతిలో ఉన్న ఒక మనిషి జ్ఞాపకం జారిపోయింది. ఆ సంగతి కాలేజీలో చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

నా గురించి ముందే ఒక హెచ్చరిక. నేను కోతలు కోస్తాను. సికింద్రాబాదు కార్ఖానా పేటలో మా వీధి వాళ్ళందరికీ ఇది తెలుసు. మా పిల్లి ఆదివారం చర్చి గంట వినగానే మూతి కడుక్కుంటుందని నేను చెబితే సగం మంది నమ్మారు, మిగతా సగం మంది చూడటానికి వచ్చారు. చిన్నప్పుడు సండే స్కూల్లో టీచరమ్మ కథ ఎక్కడ ఆపితే అక్కడి నుంచి నేను ఎత్తుకునేదాన్ని. అందుకే ఇది చదివేటప్పుడు మీకు అనుమానం రావచ్చు. పిల్లి సంగతి అబద్ధం. ఇజ్రాయేలు మాస్టారి సంగతి నిజం. అదీ అబద్ధమైతే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

తాత పుట్టుక

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే ఒకటి అర్థమైంది. కాయితం మీద రాసిచ్చినది ఎవరూ తినరు. "రోజూ ఆకుకూర తినండి, గంటసేపు నడవండి, పెందరాళే పడుకోండి, మతిమరుపు దగ్గరికి రాదు" అంటే మర్యాదగా తల ఊపి, కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, పర్సులో ఏసుప్రభువు బొమ్మ వెనకో వెంకన్న బొమ్మ వెనకో దాచుకుని వెళ్ళిపోయేవారు. మళ్ళీ నెలకి వచ్చినప్పుడు కాయితం అక్కడే ఉండేది. బరువు, బీపీ మాత్రం పెరిగేవి.

అప్పుడు తాతను పుట్టించాను. బొల్లారం తాత. వయసు తొంభై నాలుగు. ఒకప్పుడు మిలిటరీ గుర్రాలకు నాడాలు కొట్టిన మనిషి. ఏ గుర్రం పేరేమిటో, ఏ గిట్టలో మేకు విరిగిందో ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు. పొద్దున్నే జొన్నరొట్టె, తోటకూర. మధ్యాహ్నం దంపుడు బియ్యం అన్నం, పెసరపప్పు. వారానికి రెండుసార్లు చిన్న చేపలు. సాయంత్రం రైల్వే స్టేషన్ దాకా నడక, తిరిగి వచ్చాక అరుగు మీద పక్కింటి వాళ్ళతో పులిజూదం. ఎనిమిదింటికల్లా పడక.

పేషెంటు ఎవరైతే తాత వాళ్ళ మనిషైపోయేవాడు. శాకాహారుల దగ్గర తాత చేప ముట్టేవాడు కాదు, కానీ ఏడాదికోసారి బి-పన్నెండు పరీక్ష చేయించుకునేవాడు. షుగరు వాళ్ళ దగ్గర తాతకీ షుగరే. చెవుడొచ్చిన వాళ్ళ దగ్గర తాత సిగ్గుపడకుండా చెవికి మిషన్ పెట్టించుకున్నాడు. కాయితాన్ని లెక్కచేయని వాళ్ళు తాతను లెక్కచేశారు. ఇంటికెళ్ళి మనవలకు చెప్పారు. నడిచారు. తోటకూర తిన్నారు.

మా ఆస్పత్రి పెద్ద డాక్టరు గారికి ఇది నచ్చేది కాదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ళను నేలలోకి దించగలడు. ఒకరోజు పిలిచారు.

"సుగుణమ్మా, గీ బొల్లారం తాత ఉన్నడా, లేడా?"

"ఉన్నాడు సార్."

"పేషెంట్లు వచ్చి నన్ను అడ్రస్ అడుగుతున్రు. ఒకాయన అయితే దండ తీస్కొని పోతనంటున్నడు. జెర సంభాళించుకో. అబద్ధం మందు లెక్క. డోస్ నీ చేతుల ఉన్నంతసేపే మంచిగుంటది."

నేను నవ్వి బయటికి వచ్చాను. ఆయన మాటల్లో నాకు నచ్చిన వాటిని పట్టించుకునేదాన్ని, మిగతావి వదిలేసేదాన్ని. పైవాళ్ళ మాటల విషయంలో ఇది చాలామందికి ఉండే జబ్బే. మీకూ వస్తుంది.

వంటశాలలో యాదమ్మ

ఇంకొక మనిషిని కూడా పరిచయం చేయాలి. యాదమ్మ మా ఆస్పత్రి వంటశాలలో పెద్ద వంటమనిషి. అక్షరాలు రావు. నేను చదువుకున్న పుస్తకాల్లో ఉన్నదంతా ఆమెకు వేరే దారిన తెలుసు. చేరిన కొత్తలో బియ్యం మూడుసార్లు కడిగించి, గంజి వార్పించి, అన్నం మల్లెపూవులా ఉండాలని నేను హడావుడి చేస్తే, మురికికాలవలోకి పోతున్న గంజిని చూపించి నా వైపు జాలిగా చూసింది.

"బలమంతా మోరీలకు పోతున్నది మేడమ్. పేషెంట్లకు పువ్వు పెడుతున్నరు. మోరీ చూడున్రి, ఎట్ల బలిసిందో."

నిజమే. బి-వన్ అనే విటమిన్ బియ్యపు పై పొరలో ఉంటుంది, నీళ్ళలో కరిగిపోతుంది. మిల్లులో పాలిష్ పట్టిస్తే కొంత, కడిగితే కొంత, గంజి వారిస్తే ఇంకొంత పోతుంది. శరీరం దాన్ని ఎక్కువ రోజులు దాచుకోలేదు. కొద్ది వారాలు అందకపోతే చాలు, మెదడుకు దెబ్బ తగులుతుంది. మామూలుగా పప్పు, కూర, గుడ్డు తినే మనిషికి ఈ భయం లేదు. తిండి మానేసి తాగే మనిషికి ఉంది. మద్యం ఆ విటమిన్‌ను ఒంట పట్టనివ్వదు కూడా. ఇదంతా పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మాస్టారు

ఇజ్రాయేలు మాస్టారు ఒంగోలు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో మిషన్ స్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. నేను వెళ్ళే చర్చిలోనే ఆయన సంఘ పెద్ద. ఆదివారం ఆయన వాక్యం చదువుతుంటే ఫ్యాను చప్పుడు కూడా తగ్గినట్టుండేది. బొల్లారంలో చిన్న ఇల్లు, పెరట్లో కరివేపాకు చెట్టు. భార్య ఎస్తేరు టీచరమ్మ, ఆయన, అంతే. పిల్లలు లేరు. టీచరమ్మ పోయాక ఆయన ఒక్కరే మిగిలారు.

అప్పుడు మా సంఘం స్త్రీలు ఒక మంచి పని చేశాం. చేశామనే అనుకున్నాం. ఏడు ఇళ్ళ వాళ్ళం ఏడు రోజులు పంచుకున్నాం. రోజుకొక ఇంటి నుంచి మధ్యాహ్నం క్యారేజీ. ఆటో నడిపే సంఘ సభ్యుడొకతను పట్టుకెళ్ళి గేటు దగ్గర ఇచ్చి, ముందు రోజుది ఖాళీది తెచ్చేవాడు. మంగళవారం మాది. ఖాళీ క్యారేజీ మా ఇంట్లో కంటే శుభ్రంగా కడిగి వచ్చేది. ఉత్త గిన్నె తిరిగి పంపకూడదు కదా, పై గిన్నెలో ఎప్పుడూ రెండు కరివేపాకు రెబ్బలు ఉండేవి. "ఎంత పద్ధతైన మనిషి" అని ఏడు ఇళ్ళలోనూ అనుకున్నాం. గిన్నె ఖాళీ అయిందంటే మనిషి తిన్నాడనే కదా. ఏడుగురిలో ఒక్కరమూ ఎదురుగా కూర్చుని ఆయన తింటుండగా చూడలేదు. ఆడవాళ్ళం, ఒంటరి మగమనిషి ఇంటికి ఎలా వెళతాం అని ఒకటి. మాస్టారు మొహమాటపడతారని ఇంకొకటి.

కొన్నాళ్ళకు ఆయన బరువు తగ్గారు. షుగరు కొద్దిగా ఉంది. పెద్ద డాక్టరు గారు నా దగ్గరికి పంపారు. ప్రతి గురువారం పదకొండింటికి రావాలి.

మా పనిలో మొదటి పనిముట్టు ఒక ప్రశ్న. నిన్న పొద్దుటి నుంచి ఈ పొద్దుటి దాకా ఏమేం తిన్నారు? పేషెంటు చెబుతాడు, మనం రాస్తాం. మెదడును కాపాడే తిండి గురించి సలహా చెప్పడానికి కూర్చున్న మేము ఆ సలహా మొత్తాన్ని ఎదుటి మనిషి జ్ఞాపకం మీదే కట్టేవాళ్ళం. ఇది ఎంత విడ్డూరమో నాకు ఆ రోజుల్లో తట్టలేదు.

ఫారంలో ఇంకొక గడి ఉంటుంది. అలవాట్లు: పొగ, మద్యం. మామూలుగా అందరినీ అడిగేదాన్ని. మాస్టారిని అడగలేదు. సంఘ పెద్దను, అందులోనూ వాక్యం చదివే మనిషిని, "తాగుతారా" అని ఎలా అడుగుతాం? ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటుండగా ఆ గడిలో గీత గీసేశాను. నా ఇరవై ఏడేళ్ళలో నేను గీసిన గీతలన్నిటిలోకీ అదే పొడవైనది. ఇప్పటికీ దాటలేకపోతున్నాను.

గురువారాలు

మొదటి రెండు వారాలు ఆయన చెప్పినవి మామూలుగానే ఉన్నాయి. మూడో గురువారం ఇలా అన్నారు.

"మంగళవారం మీ ఇంటి క్యారేజీ అమోఘం సుగుణా. చింతచిగురు రొయ్యలు. మా ఒంగోలు గుర్తొచ్చిందమ్మా."

ఆ మంగళవారం నేను పంపింది సొరకాయ పప్పు. నాతో ఆడుకుంటున్నారనుకున్నాను. సొరకాయ పప్పును ఇంత అందంగా దెప్పిన మనిషి ఇంకొకరు లేరనుకుని మురిసిపోయాను కూడా.

"అవును మాస్టారూ, మా పెరట్లో బావిలో పట్టిన రొయ్యలే" అన్నాను.

ఆయన నవ్వలేదు. బుద్ధిగా తల ఊపారు. నేను ఫారంలో రాశాను: మధ్యాహ్నం, రొయ్యలు, ఒక గిన్నె.

ఆ వారమే ఆయనకు తాతను పరిచయం చేశాను. మీ బొల్లారంలోనే ఉంటాడు, ఇలా తింటాడు, ఇలా నడుస్తాడు, అందుకే అంత జ్ఞాపకం అని. తరవాతి గురువారం ఆయన కుర్చీలో కూర్చోగానే అన్నారు.

"మీ తాతను కలిశానమ్మా."

"ఎవరిని?"

"అదే, గుర్రాల నాడాల తాత. మా వెనక సందులోనే. నిన్న ఇద్దరం స్టేషన్ దాకా నడిచాం. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఎప్పుడో గుర్రం తన్నిందట. పాపం, నడిచినంతసేపూ దాని పేరు చెప్పి తిడుతూనే ఉన్నాడు."

నేను కల్పించిన తాతకు కాళ్ళు రెండూ బాగానే ఉండేవి. ఆయన కుంటికాలు పెట్టారు. ఎలా చెప్పను, నా ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళకు నాకు జోడీ దొరికాడనుకున్నాను. ఇంత నున్నగా, రెప్ప వేయకుండా, సాక్ష్యాలతో సహా కోతలు కోసే మనిషి, అందులోనూ సంఘ పెద్ద! ఆ రోజు నుంచి గురువారాల కోసం ఎదురుచూశాను. తాతకు నేను చిలుకను ఇచ్చాను. ఆయన దానికి పంజరం కొని, చిలుక ఏ భాషలో తిడుతుందో చెప్పారు. నేను తాతకు కోడలిని ఇచ్చాను. ఆ కోడలు తనకు రాగి సంకటి వడ్డించిందని ఆయన చెప్పారు. అది కూడా ఆహారం గడిలో రాసేశాను.

ఈ లోకంలో బొల్లారం తాత లేడని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. మాస్టారు తాతను కలిశానని చెప్పినప్పుడు ఆ మాట నిజం కాదని తెలిసిందీ నాకొక్కదానికే. ఏ డాక్టరుకూ దొరకని రుజువు గురువారం గురువారం నా బల్ల ముందుకు వచ్చి కూర్చుంది. నేను దానితో పరాచికాలాడాను.

అబద్ధం చెప్పే మనిషికి తాను చెబుతున్నది అబద్ధమని తెలుసు. కంటి మూలలో ఒక చిన్న మెరుపు ఉంటుంది. మాస్టారి కళ్ళలో ఆ మెరుపు లేదు. జ్ఞాపకంలో గుంటలు పడిన మనిషి ఆ గుంటల్ని చేతికందిన దానితో పూడ్చుకుంటాడు. పూడ్చానని కూడా అతనికి తెలియదు. పరీక్షలో ఇది కూడా రాశాను. మార్కులు దీనికీ మంచివే వచ్చాయి.

యాదమ్మ మాత్రం చూసింది. ఒక గురువారం మాస్టారు వరండాలో వెళుతుంటే గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, గా సారు నడక చూసిన్రా? కాళ్ళు ఎడంగ ఏసి నడుస్తున్నడు, పడవల నిలవడ్డోని లెక్క."

"పెద్దాయన కదా యాదమ్మా."

"పెద్దతనం గాదు. నా మొగడు సుత పోయేముందల గట్లనే నడిచిండు."

"మీ ఆయన తాగేవాడు."

"మరి గదే గదా నేను చెప్పేది!"

నాకు కోపం వచ్చింది. "ఆయన మా సంఘ పెద్ద. ఎవరి గురించి ఏం మాట్లాడుతున్నావో తెలుసా? నీ సాంబారు సంగతి చూసుకో" అన్నాను. ఆమె సాంబారు దగ్గరికి వెళ్ళిపోయింది. వెళుతూ ఒక్క మాట అంది.

"సంఘం పెద్దగైతే కాళ్ళకు ఎట్ల తెలుస్తది మేడమ్?"

ఆ తరవాతి వారం మాస్టారు నా గదిలోకి వచ్చి గుమ్మం దగ్గరే ఆగి కళ్ళు చికిలించారు.

"ఇవాళ ఇద్దరు సుగుణలు ఉన్నారేంటమ్మా?"

"రెండో ఆమెకు జీతం లేదు మాస్టారూ, ఊరికే వచ్చింది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మనిషికి ఒకటి రెండుగా కనబడుతోంది. నేను జోకు వేశాను.

క్యారేజీ నిండుగా వచ్చిన రోజు

తరవాతి రెండు గురువారాలు ఆయన రాలేదు. జ్వరమేమో అనుకున్నాం. రెండో గురువారం దాటిన మరుసటి బుధవారం ఆటో అతను దారిలోనే కదా అని మా క్యారేజీని ఆస్పత్రి వంటశాలలో ఇచ్చి వెళ్ళాడు. కడగబోయి యాదమ్మ మూత తీసి నన్ను కేకేసింది.

మంగళవారం నేను పంపిన అన్నం పంపినట్టే ఉంది. పప్పు పులిసి నురగ కట్టింది. అన్నం మీద మధ్యగా, శుభ్రంగా కడిగిన రెండు కరివేపాకు రెబ్బలు.

తిండి పారేయాలన్న సంగతి ఆయన మరిచిపోయారు. ఉత్త గిన్నె పంపకూడదన్న మర్యాద మాత్రం మరిచిపోలేదు.

అదే ఆటోను వెనక్కి పిలిపించి నేనూ యాదమ్మా బొల్లారం వెళ్ళాం. గేటు దగ్గర ఆరేడు కుక్కలు పడుకుని ఉన్నాయి. వీధికుక్కలు అంత నున్నగా, అంత బలిసి ఉండటం నేనెక్కడా చూడలేదు. ఆటో చప్పుడు వినగానే తోకలు ఊపుకుంటూ లేచి చుట్టుముట్టాయి. వాటికి మా ఏడు ఇళ్ళ వంట రుచీ తెలుసు.

మాస్టారు వరండాలో కుర్చీలో ఉన్నారు. ఎడమ బూటు కుడికాలికి, కుడి బూటు ఎడమకాలికి.

"ఇప్పుడే వెళ్ళాడమ్మా తాత" అన్నారు. "కొంచెం ముందొస్తే దొరికేవాడు. కూర్చోండి, ఎస్తేరు స్కూలు నుంచి వచ్చేస్తుంది."

యాదమ్మ నా కోసం ఆగలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. నేను ఏడు వారాలుగా ఎవరి ఆహారం గురించి రాస్తున్నానో ఆ మనిషి వంటింట్లోకి ఆ రోజు మొదటిసారి అడుగుపెట్టాను. పొయ్యి మీద సాలెగూడు. బియ్యం డబ్బాకు మూత బిగుసుకుపోయింది. రస్కుల పొట్లం ఒకటి, చక్కెర, టీపొడి. వెనక తలుపు పక్కన మిలిటరీ క్యాంటీన్ రమ్ము సీసాలు గోడవారగా వరస. అవి కూడా కడిగి ఉన్నాయి. ఆ వీధిలోనే ఉండే రిటైరైన హవల్దారు ఒకాయన స్నేహం కొద్దీ తెచ్చి ఇచ్చేవాడని తరవాత తెలిసింది. ఆయన్ను తప్పు పట్టను. "ఒక్కడే ఉంటున్నడు, నిద్ర పడ్తలేదన్నడు" అన్నాడు. మాస్టారు ఆయనకు చెప్పుకున్న మాట మాకు చెప్పుకోలేకపోయారు.

యాదమ్మ సీసాల వైపు చూసి, నా వైపు చూసి, వరండాలోకి వెళ్ళింది. కొంగుతో ఆయన బూట్లు తుడిచి, విప్పి, సరిగ్గా తొడిగింది.

పెద్ద డాక్టరు గారు

ఆ ఆటోలోనే మాస్టారిని ఆస్పత్రికి తెచ్చాం. పెద్ద డాక్టరు గారు చూసీ చూడగానే బి-వన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లో చూపు కుదుటపడింది. తరవాత నడక కూడా చాలావరకు నిలకడకు వచ్చింది. జ్ఞాపకం రాలేదు. పాఠం చెప్పిన రోజులన్నీ ఉన్నాయి. నదులు, వాటి ఉపనదులు, కొండలు, రేవులు, అన్నీ వరసగా చెబుతారు. నిన్న లేదు. ఈ పొద్దున లేదు. భార్య పోయిన సంగతి లేదు. ఎస్తేరు ఏదని ఆయన అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెప్పాలి, విన్న ప్రతిసారీ ఆయన మొదటిసారి వినాలి. చివరికి చెప్పడం మానేశాం. స్కూలు నుంచి వస్తున్నారని మేమూ అనడం మొదలుపెట్టాం.

పెద్ద డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి నేను రాసిన ఫారాలు బల్ల మీద పరిచారు.

"చార్ట్ చూస్తే పెండ్లి భోజనం. మనిషిని చూస్తే కరువు. గీ గీత ఎవరు గీసిన్రు?"

"నేనే సార్."

"అడిగి గీసినవా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన కాయితాలు తిప్పుతూ ఒక చోట ఆగారు. "తాత కోడలు వడ్డించిన రాగి సంకటి. గీ తాత ఎవరు?"

"మన తాతే సార్. బొల్లారం తాత."

"ఉన్నడన్నవు గదా?"

"లేడు సార్."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "ఆరేడు వారాల కింద తీస్కొస్తే..." అని మొదలుపెట్టి ఆపేశారు. తరవాత, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా, "మాకైతే టెస్టులు గావాలె. నీకు ఏ టెస్టూ అక్కెర్లేకుండె" అన్నారు.

నా మీద పైకి ఏమీ రాయలేదు. రాస్తే బాగుండేది.

సంఘంలో రెండు ఆదివారాలు గుసగుసలు నడిచాయి. పెద్దల జాబితాలోంచి ఆయన పేరు తీసేయాలని ఒకరిద్దరు అన్నారు. పాస్టరమ్మగారు లేచి, "ఆయన పేరు కాపాడటానికేగా మనం ఇన్నాళ్ళూ ఏమీ అడగనిది. ఇప్పుడు ఆ పేరే తీసేస్తే మనకు మిగిలిందేమిటి?" అన్నారు. ఆ మాటతో నోళ్ళు మూతపడ్డాయి. నిజానికి మేం కాపాడింది ఆయన పేరును. పోగొట్టింది ఆయన మెదడును.

మీకు చెప్పదలుచుకున్నవి

జ్ఞాపకశక్తికి ఏం తినాలని మిమ్మల్ని రోజుకు పదిమంది అడుగుతారు. పరీక్షల ముందు తల్లులు బాదంపప్పు పట్టుకుని వస్తారు. రిటైరైన వాళ్ళు టానిక్కు సీసాలు పట్టుకుని వస్తారు. ఏ ఒక్క పప్పులోనూ, ఏ ఒక్క ఆకులోనూ జ్ఞాపకం లేదని చెప్పే ధైర్యం తెచ్చుకోండి. నేను తాత నోటితో చెప్పించినవన్నీ మంచి మాటలే. పాలిష్ తక్కువ బియ్యం, పప్పు, ఆకుకూర, చేప, నడక, నిద్ర, బీపీ షుగరు అదుపులో ఉండటం, చెవి సరిగ్గా వినబడటం, నలుగురితో మాటలు. మాంసం ముట్టని పెద్దవాళ్ళకూ, షుగరు మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకునే వాళ్ళకూ బి-పన్నెండు సంగతి డాక్టరును అడగమని చెప్పండి. ఇవన్నీ చేసినా కొందరికి మరుపు వస్తుంది. వాళ్ళను తప్పు చేసినవాళ్ళలా చూడకండి. నా దగ్గర అన్నీ పాటించిన ఒక లెక్చరరు గారు చివరికి తన ఇంటి గుమ్మాన్ని గుర్తుపట్టలేకపోయారు.

కానీ పేషెంటు చెప్పింది రాసుకుని ఊరుకోకండి. వండేదెవరు, వడ్డించేదెవరు, పక్కన కూర్చునేదెవరు అని అడగండి. వీలైతే వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూడండి. తాగుతారా అన్న ప్రశ్న రిక్షా అతన్ని ఏ గొంతుతో అడుగుతారో పాస్టరుగారినీ అదే గొంతుతో అడగండి. కోపం వస్తే రానివ్వండి. మతిమరుపు పేషెంటు కథ చెబితే నవ్వండి, తప్పులేదు. నవ్వాక బయటికి వెళ్ళి అది నిజమో కాదో కనుక్కోండి. క్యారేజీ పంపడం, పక్కన కూర్చుని తినడం ఒకటి కాదు. ఇది నేను డిగ్రీ తీసుకున్న చాలా ఏళ్ళకు మిగతా ఆరుగురు ఆడవాళ్ళతో పాటు నేర్చుకున్నాను. యాదమ్మకు ముందే తెలుసు. మీ వంటశాలలోనూ ఒక యాదమ్మ ఉంటుంది. ఆమె గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు మీ చేతిలో పని ఆపండి.

ఆ తరవాత బొల్లారం తాతను ఏ పేషెంటుకూ చెప్పలేదు. "తాత ఎలా ఉన్నాడు" అని పాతవాళ్ళు అడిగితే మాట మార్చేదాన్ని. ఆస్పత్రి చేతులు మారి, నన్ను రోజంతా కంప్యూటరు ముందు కూర్చోమన్నప్పుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఎవరూ బతిమాలలేదు.

గురువారం

మాస్టారిని ఏ.ఎస్. రావు నగర్ అవతల మా సంఘాల వాళ్ళు నడిపే వృద్ధాశ్రమంలో చేర్చాం. ఉద్యోగం మానేసినా గురువారాలు మానలేదు. క్యారేజీ పట్టుకుని పదకొండింటికి వెళతాను. రెండు కంచాలు పెడతాను. ఆయన తినేదాకా నేనూ తింటాను. నేనెవరో ఆయనకు తెలియదు. ఒకసారి స్కూలు ఇన్‌స్పెక్టరుని, ఒకసారి ఎస్తేరు టీచరమ్మ చెల్లెలిని. తాత మాత్రం ఆయనకు బాగా తెలుసు. నేను వదిలేసిన తాత ఇన్నేళ్ళుగా ఆయన దగ్గరే బతుకుతున్నాడు. ప్రతి గురువారం తాత ఏం తిన్నాడో, ఎంత దూరం నడిచాడో, చిలుక ఎవరిని తిట్టిందో చెబుతారు. నేను వింటాను. ఒక్క ముక్క కూడా కలపను.

పోయిన గురువారం వెళ్ళేసరికి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. క్యారేజీ విప్పాను. వాసనకు కూడా తిరగలేదు.

"ఏమైంది మాస్టారూ?"

"తాత పోయాడమ్మా."

గిన్నె కింద పెట్టాను. "ఎప్పుడు?"

"నిన్న. ఆకలితో పోయాడు."

జీవితమంతా మాటకు మాట కలిపినదాన్ని. ఎవరు ఏ కోత కోసినా దానికి పైమెట్టు వేసినదాన్ని. ఆ రోజు నాకు దొరికింది ఒక్క మాట.

"అదేంటి మాస్టారూ? తాత బాగా తినేవాడు కదా?"

ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. ఎవరో కొత్తావిడ తెలియక అడిగిందన్నట్టు, ఓపికగా, క్లాసులో వెనక బెంచీ పిల్లకు రెండోసారి చెబుతున్నట్టు చెప్పారు.

"తింటున్నానని చెప్పేవాడమ్మా."

నేను కంచంలో అన్నం పెట్టి, ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టాను. అది నోట్లోకి వెళ్ళేదాకా చూస్తూ కూర్చున్నాను.